క్లౌడ్ వేదికలపై డిపెండెన్సీ నిర్వహణ

ఒక ప్రోగ్రాము పనిచేయడానికి ఏయే ఇతర ప్యాకేజీలు కావాలో క్లౌడ్ వేదిక తానే గుర్తించి, ప్రోగ్రామరు ఎంచుకున్న వెర్షన్లనే తెచ్చి, సర్వరుపై అమర్చే పద్ధతిని క్లౌడ్ వేదికలపై డిపెండెన్సీ నిర్వహణ అంటారు. ప్రోగ్రామరు తన సొంత కంప్యూటరులో ఈ పనికి బండ్లర్, పిప్, పోయెట్రీ, కంపోజర్, ఎన్‌పీఎం వంటి పనిముట్లను వాడతాడు. వీటిని డిపెండెన్సీ నిర్వాహకాలు అంటారు. ఇటువంటి ఒక నిర్వాహకం రాసిన జాబితాను క్లౌడ్ వేదిక నేరుగా చదివి, ఉన్నది ఉన్నట్లు పాటించగలిగితే ఆ వేదిక ఆ నిర్వాహకానికి మద్దతు ఇస్తున్నదని చెబుతారు. మద్దతు లేనప్పుడు ప్రోగ్రామరు ఒకే విషయానికి రెండు జాబితాలు ఉంచుకోవలసి వస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా వచ్చిన రోజున, ఇంట్లో చక్కగా నడిచిన ప్రోగ్రాము సర్వరుపై ఆగిపోతుంది. 2008 నుండి 2025 వరకు వివిధ క్లౌడ్ వేదికలు ఈ మద్దతును ఒక్కొక్కటిగా సమకూర్చుకున్న తీరును, అందులో ఇమిడి ఉన్న పనులను, తెలుగు లిపితో పనిచేసే ప్రోగ్రాములకు ఇందువలన కలిగే ప్రత్యేక చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

డిపెండెన్సీ అంటే

నేటి ప్రోగ్రాములలో ఏదీ పూర్తిగా ఒక్కరి రాత కాదు. ఇతరులు ముందే రాసి ఉంచిన కోడును తెచ్చుకొని, దానిపై తమకు కావలసినది నిర్మించుకోవడం వాడుక. తెలుగు పాఠకులకు పరిచయమైన ఉదాహరణ లేఖిని. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసినదానిని తెలుగు లిపిలోకి మార్చే ఈ ఉపకరణాన్ని వీవెన్, నాగార్జున వెన్న రూపొందించిన పద్మ ఆధారంగా తయారుచేశారు. అంటే లేఖినికి పద్మ ఒక డిపెండెన్సీ.

లేఖిని విషయంలో డిపెండెన్సీని గుర్తుంచుకోవడం సులభం. కాని సాధారణమైన వెబ్ ప్రోగ్రాముకు పదో ఇరవయ్యో ప్యాకేజీలు నేరుగా కావాలి. వాటిలో ప్రతి ఒక్కటి మరికొన్నింటిపై ఆధారపడుతుంది, అవి మళ్ళీ మరికొన్నింటిపై. ఈ విధంగా ప్రోగ్రామరు ఎన్నడూ పేరు వినని ప్యాకేజీలు కూడా అతని ప్రోగ్రాములో భాగమవుతాయి. ప్రోగ్రామరు నేరుగా కోరినవాటిని ప్రత్యక్ష డిపెండెన్సీలు అని, వాటి వెంట వచ్చేవాటిని పరోక్ష డిపెండెన్సీలు అని పిలుస్తారు.

ప్రతి ప్యాకేజీకీ కాలక్రమంలో కొత్త వెర్షన్లు వెలువడుతుంటాయి. ఒక ప్యాకేజీ మరొకదాని రెండవ వెర్షను మాత్రమే కావాలని, ఇంకొకటి అదే ప్యాకేజీ మూడవ వెర్షను కావాలని కోరవచ్చు. అందరి కోరికలూ తీరేలా ప్రతి ప్యాకేజీకీ ఒక వెర్షనును ఎంపిక చేయడం డిపెండెన్సీ నిర్వాహకం యొక్క ప్రధానమైన పని.

కోరికల జాబితా, లాక్ ఫైలు

డిపెండెన్సీ నిర్వాహకాలు సాధారణంగా రెండు ఫైళ్ళతో పనిచేస్తాయి. మొదటిది ప్రోగ్రామరు స్వయంగా రాసేది. ఇందులో ప్రత్యక్ష డిపెండెన్సీల పేర్లు, ఏ వెర్షను మొదలుకొని ఏ వెర్షను వరకు పనికివస్తుందనే హద్దులు ఉంటాయి. రూబీ భాషలో జెమ్‌ఫైల్, పైథాన్‌లో పైప్రాజెక్ట్.టోమల్, పీహెచ్‌పీలో కంపోజర్.జేసన్ ఇటువంటివి.

రెండవది నిర్వాహకం రాసేది. దీనిని లాక్ ఫైలు అంటారు. ప్రత్యక్ష, పరోక్ష డిపెండెన్సీలన్నింటికీ ఎంపికైన ఖచ్చితమైన వెర్షను సంఖ్య ఇందులో ఉంటుంది. చాలా నిర్వాహకాలు ప్రతి ప్యాకేజీ ఫైలు యొక్క హాష్ విలువను, అనగా వేలిముద్ర వంటి ఒక సంఖ్యను కూడా ఇందులో నమోదు చేస్తాయి. దింపుకున్న ఫైలు వేలిముద్ర దీనితో సరిపోలకపోతే నిర్వాహకం పనిని ఆపివేస్తుంది.

ఈ రెండింటి తేడాను పచారీ కొట్టు చీటీతో పోల్చవచ్చు. "కందిపప్పు కిలో" అని రాసిన చీటీ మొదటి ఫైలు వంటిది. ఏ కొట్టులో, ఏ బస్తా నుండి, ఏ రకం పప్పు తూచారో రాసిన బిల్లు లాక్ ఫైలు వంటిది. చీటీ ఒకటే అయినా నిన్న వచ్చిన పప్పు, నేడు వచ్చే పప్పు వేరు కావచ్చు. బిల్లు చూపి అదే సరుకు కావాలని అడిగితే ఆ అవకాశం ఉండదు.

క్లౌడ్ వేదికలో తలెత్తే సమస్య

సొంత సర్వరు ఉన్నవారు దానిలోకి లాగిన్ అయి, కావలసిన ప్యాకేజీలను తమ చేతులతో అమర్చుకోగలరు. హెరోకు, గూగుల్ యాప్ ఇంజిన్ వంటి వేదికలలో ఆ పద్ధతి చెల్లదు. ఇక్కడ ప్రోగ్రామరు తన కోడును పంపడం వరకే చేస్తాడు. వేదిక ఆ కోడును అందుకొని, దానికి కావలసినవి చేర్చి, నడపడానికి సిద్ధమైన ఒక మూటగా కడుతుంది. ఈ దశను బిల్డ్ అంటారు. ఆ మూటను ఏ యంత్రంపై నడపాలో, ఎన్ని యంత్రాలపై నడపాలో వేదిక నిర్ణయిస్తుంది. హెరోకులో నడుస్తున్న యంత్రంలో రాసిన ఫైళ్ళు ఆ యంత్రం తిరిగి మొదలైనప్పుడు చెరిగిపోతాయి. కాబట్టి చేతితో అమర్చిన ప్యాకేజీ ఏదైనా నిలిచి ఉండదు. కావలసినదంతా బిల్డ్ దశలోనే చేరాలి.

ఉదాహరణకు కలిగిరిలోని ఒక డిగ్రీ విద్యార్థి జూన్ నెలలో ఒక ప్రోగ్రాము రాసి క్లౌడ్ వేదికకు పంపాడనుకుందాం. జాబితాలో ప్యాకేజీల పేర్లే ఉన్నాయి, వెర్షన్లు లేవు. అది చక్కగా నడిచింది. సెప్టెంబరులో ఒక అక్షరదోషం సవరించి మళ్ళీ పంపాడు. ఈ మూడు నెలలలో ఒక పరోక్ష డిపెండెన్సీకి కొత్త వెర్షను వచ్చింది. వేదిక దానినే తెచ్చింది. విద్యార్థి మార్చినది ఒక్క అక్షరమే అయినా ప్రోగ్రాము మొత్తం ఆగిపోయింది. అతని కంప్యూటరులో పాత వెర్షనే ఉంది కనుక అక్కడ ఏ లోపమూ కనిపించదు. లాక్ ఫైలును పాటించే వేదికపై ఈ ఇబ్బంది రాదు.

దీనికి మరొక పరిష్కారం ప్యాకేజీలన్నింటినీ కోడుతో పాటు తానే పంపడం. దీనిని వెండరింగ్ అంటారు. ఇందులో వెర్షన్లు మారవు. కాని పంపవలసిన పరిమాణం ఎంతో పెరుగుతుంది. నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్ ఉన్న ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. వేదిక లాక్ ఫైలును చదవగలిగితే విద్యార్థి తన కోడును, ఆ ఒక్క ఫైలును పంపితే చాలు. బరువైన ప్యాకేజీలను దింపుకునే పని డేటా సెంటరులో జరుగుతుంది.

చరిత్ర

గూగుల్ యాప్ ఇంజిన్

గూగుల్ సంస్థ యాప్ ఇంజిన్‌ను 2008 ఏప్రిల్‌లో ప్రారంభించింది. అప్పుడు అందులో పైథాన్ భాష ఒక్కటే ఉండేది. వేదికతో పాటు వచ్చే కొన్ని లైబ్రరీలు కాక వేరేవి కావాలంటే వాటిని ప్రోగ్రామరు తన కోడులో కలిపి పంపవలసి వచ్చేది. సీ భాషలో రాసిన భాగాలు ఉన్న లైబ్రరీలను అలా కలిపి పంపినా అవి నడిచేవి కావు. పిప్ చదివే రిక్వైర్‌మెంట్స్ జాబితాను వేదిక తానే చదివి ప్యాకేజీలను అమర్చే సదుపాయం 2018లో పైథాన్ 3.7తో వచ్చిన రెండవ తరం వేదికలో లభించింది.

హెరోకు, బండ్లర్

హెరోకు 2007లో జేమ్స్ లిండెన్‌బామ్, ఆడమ్ విగ్గిన్స్, ఓరియన్ హెన్రీ స్థాపించిన సంస్థ. మొదట ఇది రూబీ భాషకు మాత్రమే పరిమితమైన వేదిక. రూబీ ప్యాకేజీలను జెమ్‌లు అంటారు. వాటిని అమర్చే రూబీజెమ్స్ అనే పనిముట్టు 2004 నుండి వాడుకలో ఉంది.

తొలినాళ్ళలో హెరోకు వాడుకరులు చుక్కతో మొదలయ్యే "జెమ్స్" అనే ఫైలులో, వరుసకు ఒకటి చొప్పున జెమ్‌ల పేర్లు రాసి పంపేవారు. ఇది హెరోకు కోసం ప్రత్యేకంగా రాయవలసిన జాబితా. రైల్స్ ప్రోగ్రాము లోపల జెమ్‌ల పేర్లు మరొకచోట ఉండేవి. ఒకదానిలో కొత్త జెమ్ చేర్చి రెండవదానిలో మరచిపోవడం తేలిక. పైగా పరోక్ష డిపెండెన్సీల వెర్షన్లను ఈ జాబితా బంధించదు.

ఇదే కాలంలో యెహూదా కాట్జ్, కార్ల్ లెర్చ్ బండ్లర్ అనే నిర్వాహకాన్ని రూపొందించారు. బండ్లర్ 1.0 వెర్షను 2010 ఆగస్టులో వెలువడింది. అదే నెలలో వచ్చిన రైల్స్ 3.0 బండ్లర్‌ను తనలో భాగంగా స్వీకరించింది. కొత్త రైల్స్ ప్రోగ్రాము ప్రతిదానిలోనూ జెమ్‌ఫైల్ ఉండడం మొదలయింది. హెరోకు 2010లోనే బండ్లర్‌కు మద్దతు కల్పించింది. దీనితో హెరోకు కోసం వేరే జాబితా రాయవలసిన అవసరం తొలగిపోయింది. ప్రోగ్రామరు తన కంప్యూటరులో వాడే ఫైళ్ళనే వేదిక చదివేది.

బండ్లర్ 1.0లో సర్వరు కోసం ఉద్దేశించిన ఒక ప్రత్యేక విధానం ఉంది. జెమ్‌ఫైల్‌కు, లాక్ ఫైలుకు పొంతన కుదరకపోతే ఈ విధానంలో బండ్లర్ తనకు తోచినట్లు సర్దుకోదు, దోషం చూపి ఆగిపోతుంది. దోషం బిల్డ్ దశలోనే బయటపడుతుంది గనుక అప్పటికే నడుస్తున్న పాత ప్రోగ్రాముకు ఆటంకం కలగదు.

అయినా కొన్ని చిక్కులు మిగిలాయి. విండోస్ కంప్యూటరులో తయారైన లాక్ ఫైలులో విండోస్‌కే చెందిన జెమ్‌ల వివరాలు ఉండేవి. హెరోకు సర్వర్లు లినక్సుపై నడుస్తాయి. అందువలన హెరోకు చాలాకాలం పాటు విండోస్‌లో తయారైన లాక్ ఫైలును తొలగించి, వెర్షన్లను కొత్తగా ఎంపిక చేసేది. అంటే విండోస్ వాడే విద్యార్థులకు లాక్ ఫైలు వలన కలగవలసిన భరోసా దక్కేది కాదు. తరువాత బండ్లర్ ఒకే లాక్ ఫైలులో పలు ఆపరేటింగ్ సిస్టముల వివరాలను రాసే సామర్థ్యాన్ని మెరుగుపరచుకున్నది.

2019 జనవరిలో బండ్లర్ 2.0 వచ్చినప్పుడు మరొక సమస్య ఎదురైంది. కొత్త బండ్లర్ రాసిన లాక్ ఫైలులో దానిని ఏ వెర్షను రాసినదీ నమోదై ఉంటుంది. పాత బండ్లర్ ఉన్న సర్వరు దానిని చదవడానికి నిరాకరించేది. ఆ వరుసను చూసి, తగిన బండ్లర్‌ను ఎంచుకొనేలా హెరోకు తన బిల్డ్ పద్ధతిని సవరించింది. ఒక నిర్వాహకానికి మద్దతు ఇవ్వడం ఒకసారి చేసి ముగించే పని కాదని, నిర్వాహకం మారినప్పుడల్లా వేదిక కూడా మారాలని ఈ ఉదంతం తెలుపుతుంది.

బిల్డ్‌ప్యాక్‌లు

హెరోకును సేల్స్‌ఫోర్స్ సంస్థ 2010 డిసెంబరులో కొనుగోలు చేయడానికి అంగీకరించింది. 2011లో హెరోకు సెడార్ అనే కొత్త వేదికను ప్రవేశపెట్టి, రూబీతో పాటు ఇతర భాషలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టింది. ప్రతి భాషకూ బిల్డ్ పద్ధతి వేరు కనుక ఆ పద్ధతిని వేదిక నుండి విడదీసి, బిల్డ్‌ప్యాక్ అనే ప్రత్యేక భాగంగా రూపొందించారు.

హెరోకు తొలి బిల్డ్‌ప్యాక్‌లో ముఖ్యంగా మూడు చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. మొదటిది పంపిన కోడును పరిశీలించి, ఇది తనకు సంబంధించినదా కాదా అని చెబుతుంది. జెమ్‌ఫైల్ కనిపిస్తే రూబీ అని, కంపోజర్.జేసన్ కనిపిస్తే పీహెచ్‌పీ అని గుర్తించడం ఈ విధంగానే జరుగుతుంది. రెండవది డిపెండెన్సీలను తెచ్చి అమర్చుతుంది. మూడవది ప్రోగ్రామును ఎలా నడపాలో వేదికకు తెలియజేస్తుంది.

ఈ ఏర్పాటు వలన ముఖ్యమైన ఒక మార్పు వచ్చింది. వేదిక యజమాని మద్దతు ఇవ్వని నిర్వాహకానికి వాడుకరులే బిల్డ్‌ప్యాక్ రాసుకొని వాడుకోగలిగారు. క్లౌడ్ ఫౌండ్రీ వంటి ఇతర వేదికలు కూడా ఈ పద్ధతిని స్వీకరించాయి. 2018లో హెరోకు, పివోటల్ సంస్థలు కలిసి క్లౌడ్ నేటివ్ బిల్డ్‌ప్యాక్స్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రారంభించాయి. అదే సంవత్సరం అక్టోబరులో అది క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది.

పీహెచ్‌పీ భాషకు కంపోజర్ 2012లో వచ్చింది. 2014లో హెరోకు తన పీహెచ్‌పీ మద్దతును కంపోజర్ ఆధారంగా రూపొందించింది. జావాస్క్రిప్టులో ఎన్‌పీఎంకు ప్రత్యామ్నాయంగా యార్న్ 2016 అక్టోబరులో వెలువడింది. కొద్ది నెలలలోనే హెరోకు దానిని కూడా చేర్చుకున్నది.

పైథాన్: పోయెట్రీ నిరీక్షణ

హెరోకులో పైథాన్ మద్దతు 2011లో పిప్ ఆధారంగా మొదలయింది. పిప్ చదివే రిక్వైర్‌మెంట్స్ ఫైలు నిజానికి లాక్ ఫైలు కాదు. అందులో ప్రోగ్రామరు ఏది రాస్తే అదే ఉంటుంది. పరోక్ష డిపెండెన్సీల ఖచ్చితమైన వెర్షన్లను కూడా రాసే క్రమశిక్షణ అతనిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ లోటును తీర్చడానికి 2017లో కెనెత్ రైట్జ్ పిప్‌ఎన్వ్‌ను, 2018లో సెబాస్టియన్ యుస్టాస్ పోయెట్రీని విడుదల చేశారు. ఈ రెండూ లాక్ ఫైలును రాస్తాయి. రైట్జ్ అప్పట్లో హెరోకు పైథాన్ విభాగంలో పనిచేసినవాడు. పిప్‌ఎన్వ్‌కు హెరోకు మద్దతు 2017లోనే లభించింది. పోయెట్రీకి మాత్రం అధికారిక మద్దతు 2024 వరకు రాలేదు.

ఈ ఆరేళ్ళ విరామంలో పోయెట్రీ వాడుకరులు రెండు దారులు పట్టారు. మొదటిది, పోయెట్రీ లాక్ ఫైలును రిక్వైర్‌మెంట్స్ రూపంలోకి మార్చి, ఆ రెండవ ఫైలును కూడా కోడుతో పాటు పంపడం. ఇందులో లోపం స్పష్టం. ఒక ప్యాకేజీలో భద్రతాలోపం ఉన్నదని తెలిసి పోయెట్రీ ద్వారా కొత్త వెర్షను తెచ్చుకున్న ప్రోగ్రామరు, రెండవ ఫైలును మళ్ళీ తయారుచేయడం మరిస్తే సర్వరుపై పాత ప్యాకేజీయే నడుస్తూ ఉంటుంది. ఇంట్లో చూస్తే లోపం సరిచేసినట్లే కనిపిస్తుంది. దోషమేదీ చూపకుండా జరిగే ఇటువంటి పొరపాటు, ప్రోగ్రాము ఆగిపోవడం కంటే ప్రమాదకరం.

రెండవ దారి, ఇతరులు రాసిన బిల్డ్‌ప్యాక్‌ను వాడడం. అది బిల్డ్ సమయంలో లాక్ ఫైలును రిక్వైర్‌మెంట్స్ రూపంలోకి మార్చి, హెరోకు పైథాన్ బిల్డ్‌ప్యాక్‌కు అందించేది. మరచిపోయే అవకాశం ఇక్కడ లేదు. కాని వేదిక యజమానికి సంబంధం లేని వ్యక్తుల కోడు ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తుంది. ఆ స్వచ్ఛంద రచయితలు నిర్వహణను మానుకుంటే వాడుకరులకు వేరే దారి వెతుక్కోవలసి వస్తుంది.

2024లో హెరోకు తన పైథాన్ బిల్డ్‌ప్యాక్‌లోనే పోయెట్రీని చేర్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఆస్ట్రల్ సంస్థ విడుదల చేసిన యూవీ అనే మరొక నిర్వాహకానికి 2025లో మద్దతు లభించింది. నిర్వాహకానికొక రకం లాక్ ఫైలు ఉండడం వలన వేదికలపై పడుతున్న ఈ భారాన్ని తగ్గించడానికి, పైథాన్ సమాజం 2025 మార్చిలో అన్ని నిర్వాహకాలకూ ఉమ్మడిగా పనికివచ్చే లాక్ ఫైలు రూపాన్ని ఆమోదించింది. దీని పేరు పైలాక్.టోమల్. దీనిని పైథాన్ ప్రతిపాదన 751 నిర్వచిస్తుంది.

మద్దతు ఇవ్వడంలో ఇమిడి ఉన్న పనులు

వాడుకరి దృష్టిలో మద్దతు అంటే ఒక్క ఆదేశాన్ని నడపడం. వేదిక దృష్టిలో అందులో ఈ క్రింది పనులు ఉంటాయి.

గుర్తింపు: ఏ ఫైలు కనిపిస్తే ఏ నిర్వాహకాన్ని వాడాలో నిర్ణయించాలి. ఒకే ప్రోగ్రాములో రెండు నిర్వాహకాల ఫైళ్ళు ఉంటే దేనిని పాటించాలనే నియమం స్పష్టంగా ఉండాలి. లేకపోతే ప్రోగ్రామరు ఒక ఫైలును సవరిస్తూ ఉండగా వేదిక మరొకదానిని చదువుతూ ఉంటుంది.

నిర్వాహకం యొక్క వెర్షను: ప్యాకేజీల వెర్షన్లే కాక, వాటిని అమర్చే నిర్వాహకం వెర్షను కూడా స్థిరంగా ఉండాలి. బండ్లర్ 2.0 ఉదంతం దీనికి నిదర్శనం.

భాష వెర్షను: రూబీ లేదా పైథాన్ యొక్క ఏ వెర్షను కావాలో ప్రోగ్రామరు చెప్పే మార్గం ఉండాలి.

లాక్ ఫైలును మార్చకుండా పాటించడం: కోరికల జాబితాకు, లాక్ ఫైలుకు పొంతన లేకపోతే బిల్డ్ ఆగిపోవాలి. వేదిక తనంతట తాను కొత్త వెర్షన్లను ఎంపిక చేయరాదు.

అనవసరమైనవి వదిలివేయడం: పరీక్షలకు, అభివృద్ధికి మాత్రమే కావలసిన ప్యాకేజీలు సర్వరుపై అవసరం లేదు. హెరోకులో కట్టిన మూట 500 మెగాబైట్లకు మించరాదు కనుక ఇది ముఖ్యం.

కాష్: ఒకసారి దింపుకున్న ప్యాకేజీలను దాచి, తరువాతి బిల్డ్‌లో వాడుకోవాలి. హెరోకులో బిల్డ్ 15 నిమిషాలలో ముగియాలి. అయితే భాష వెర్షను మారినప్పుడు పాత కాష్‌ను పారవేయాలి. లేనిచో పాతవి కొత్తవి కలిసి అంతుపట్టని దోషాలు వస్తాయి.

దోష సందేశాలు: ఏ ప్యాకేజీ వద్ద, ఏ కారణంగా పని ఆగిందో వాడుకరికి అర్థమయ్యేలా తెలపాలి. సర్వరులోకి వెళ్ళి చూసే వీలు లేని వాడుకరికి ఈ సందేశమే ఆధారం.

తెలుగు లిపి, వ్యవస్థ లైబ్రరీలు

భాషకు చెందిన నిర్వాహకం ఆ భాష ప్యాకేజీలను మాత్రమే తెస్తుంది. ఆపరేటింగ్ సిస్టముకు చెందిన లైబ్రరీలు దాని పరిధిలోకి రావు. తెలుగు అక్షరాలను బొమ్మలపై ముద్రించే ప్రోగ్రాములకు ఈ హద్దు తరచుగా అడ్డు వస్తుంది.

తెలుగులో అక్షరాల కోడ్‌లను వరుసగా పేర్చితే సరైన రూపం రాదు. వత్తులను, గుణింతపు గుర్తులను తగిన చోట కూర్చాలి. ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. పైథాన్‌లో బొమ్మలను తయారుచేయడానికి విరివిగా వాడే పిల్లో ప్యాకేజీ, రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది. 2021లో వచ్చిన 8.2.0 వెర్షను నుండి పిల్లోతో పాటే రాక్మ్ వస్తుంది. కాని రాక్మ్‌కు కావలసిన ఫ్రిబిడి అనే మరొక లైబ్రరీ మాత్రం ఆపరేటింగ్ సిస్టములో ఉండాలి. అది లేకపోతే పిల్లో పని ఆపదు. దోషమూ చూపదు. అక్షరాలను ఉన్న వరుసలో ఉన్నట్లు పేర్చివేస్తుంది.

పైన చెప్పిన విద్యార్థి తన ప్రాంతపు ఊళ్ళ పేర్లను పటంపై ముద్రించే ప్రోగ్రాము రాశాడనుకుందాం. ఫ్రిబిడి ఉన్న అతని ఉబుంటు కంప్యూటరులో "ఆత్మకూరు", "నెల్లూరు" సరిగా వచ్చాయి. అది లేని సర్వరుపై అవే పేర్లు "ఆత్‌మకూరు", "నెల్‌లూరు" అన్నట్లు వత్తులు విడిపోయి వస్తాయి. కలిగిరి, ఉదయగిరి వంటి పేర్లలో వత్తులు లేకపోయినా గుడులు అక్షరానికి అతకకుండా ఉండవచ్చు. లాక్ ఫైలు రెండుచోట్లా ఒకటే. తేడా దాని పరిధికి బయట ఉన్నది.

హెరోకులో దీనికి పరిష్కారంగా యాప్ట్ బిల్డ్‌ప్యాక్ ఉంది. యాప్ట్‌ఫైల్ అనే జాబితాలో కావలసిన ఉబుంటు ప్యాకేజీల పేర్లు రాస్తే అది వాటిని చేర్చుతుంది. ఫాంటును కూడా ప్రోగ్రాముతో పాటు పంపడం మేలు. సిలికానాంధ్ర వెలువరించిన మండలి వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నందున ఇందుకు అడ్డంకి లేదు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు రాక్మ్ అందుబాటులో ఉన్నదో లేదో పిల్లోనే అడిగి తెలుసుకోవచ్చు. లేకపోతే ఆగిపోయేలా రాసుకుంటే తప్పు అక్షరాలు పాఠకుని వరకు చేరవు.

వికీమీడియా టూల్‌ఫోర్జ్

తెలుగు వికీపీడియాతో సహా వికీమీడియా ప్రాజెక్టులకు ఉపకరించే పనిముట్లను స్వచ్ఛంద సభ్యులు నడుపుకోవడానికి వికీమీడియా ఫౌండేషన్ టూల్‌ఫోర్జ్ అనే క్లౌడ్ వేదికను ఉచితంగా అందిస్తున్నది. ఇందులో చాలాకాలం పాటు సభ్యులు సర్వరులోకి లాగిన్ అయి, పైథాన్ ప్యాకేజీలను పిప్‌తో స్వయంగా అమర్చుకొనేవారు. ఆ సభ్యుడు పని మానుకున్న తరువాత ఏ వెర్షన్లు అమర్చాడో ఇతరులకు తెలియడం కష్టమయ్యేది.

2023లో టూల్‌ఫోర్జ్ బిల్డ్ సర్వీసు సభ్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇది క్లౌడ్ నేటివ్ బిల్డ్‌ప్యాక్స్ ప్రమాణంపై ఆధారపడినది. సభ్యుడు కోడు ఉన్న చోటును చూపితే చాలు, అందులోని డిపెండెన్సీ ఫైళ్ళను గుర్తించి మూట కట్టే పనిని వేదిక చేస్తుంది. యాప్ట్‌ఫైల్ సదుపాయం కూడా ఉంది. ఎక్కడో కాలిఫోర్నియాలోని ఒక సంస్థ రూబీ ప్రోగ్రాముల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఈ విధంగా తెలుగు వికీ సభ్యుల పనిముట్ల వరకు చేరింది.

సొమ్ము చెల్లించనవసరం లేని వేదిక కావడం వలన విద్యార్థులకు దీని ప్రాముఖ్యత ఎక్కువ. హెరోకు తన ఉచిత పథకాలను 2022 నవంబరు 28 నుండి నిలిపివేసింది. అయితే టూల్‌ఫోర్జ్‌ను వికీమీడియా ప్రాజెక్టులకు సంబంధించిన పనులకు మాత్రమే వాడాలి. కోడు స్వేచ్ఛా లైసెన్సుతో ఉండాలి.

పరిమితులు

లాక్ ఫైలు ఏ వెర్షను కావాలో చెప్పగలదు గాని, ఆ వెర్షను ఎప్పటికీ దొరుకుతుందని హామీ ఇవ్వలేదు. 2016 మార్చి 22న లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల జావాస్క్రిప్టు ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుండి తొలగించినప్పుడు, దానిపై పరోక్షంగా ఆధారపడిన అనేక ప్రోగ్రాముల బిల్డ్‌లు ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయాయి. వాటి ప్రోగ్రామర్లలో చాలామంది ఆ ప్యాకేజీ పేరు కూడా విని ఉండరు. ఎన్‌పీఎం సంస్థ అదే రోజు దానిని పునరుద్ధరించి, ఆ తరువాత తొలగింపు నియమాలను కఠినం చేసింది.

లాక్ ఫైలును సంవత్సరాల తరబడి మార్చకుండా ఉంచడం కూడా మంచిది కాదు. పాత వెర్షన్లలో బయటపడిన భద్రతాలోపాలు అలాగే ఉండిపోతాయి. వేదిక పాత భాష వెర్షన్లను ఉపసంహరించుకున్నప్పుడు అన్నింటినీ ఒకేసారి మార్చవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. అందువలన తన కంప్యూటరులో నిర్ణీత వ్యవధులలో వెర్షన్లను పెంచి, పరీక్షించి, కొత్త లాక్ ఫైలును పంపడం సరైన పద్ధతిగా పరిగణించబడుతున్నది. మార్పు ఎప్పుడు జరగాలో నిర్ణయించవలసినది ప్రోగ్రామరు. ఆ నిర్ణయాన్ని ఉన్నది ఉన్నట్లు అమలు చేయవలసినది వేదిక.